నూట ముప్పై ఏడో వరుసను దిద్దించుట గురించి

వార్డు అధికారి గారి సముఖమునకు, మూడో అంతస్తులో కాపురముండు బైండింగు మేస్త్రి రాసుకున్నది.

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు 'ఇరుగుపొరుగు' పేజీలో నా భార్యకు సహాయం అందినట్లు నమోదైన వరుసను అందలేదని మార్చుట కొరకు.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను గత ఇరవై ఏడు సంవత్సరములుగా ప్రింటింగు ప్రెస్సులో బైండింగు పని చేయుచున్నాను. తమ బల్ల మీది లావుపాటి రిజిస్టర్లలో సగం నా చేతి కుట్టే. కాబట్టి రిజిస్టరులో తప్పు పడితే ఏం చేస్తారో నాకు తెలుసు. తప్పు మీద ఎర్రసిరాతో ఒక గీత కొట్టి, పక్కన ఒప్పు రాసి, పొట్టి సంతకం పెడతారు. నేనడుగుతున్నది అంతే. నష్టపరిహారం వద్దు, విచారణ వద్దు, ఎవరి ఉద్యోగమూ ఊడనక్కర్లేదు. ఒక్క గీత కావాలి. కారణములు ఈ క్రింద వివరించుకొనుచున్నాను.

1. సదరు పేజీని తమరు రెండేళ్ల క్రితం బిల్డింగుకొకటి చొప్పున పెట్టించినారు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఫోనులో అందులో రాయవచ్చును. ఇరుగుపొరుగువారు సలహా చెప్పవచ్చును, చేతనైతే సాయం చేయవచ్చును. అడిగినవారు థాంక్స్ చెప్పగానే కార్యదర్శి ఆ వరుసకు పచ్చ టిక్కు పెడతాడు. 'సహాయం అందినది' అని పడుతుంది. ఆ పైన దాని కింద ఎవరూ ఏమీ రాయడానికి వీలుండదు. ఇది తమ నిబంధన. మా బిల్డింగు కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. టిక్కు పెట్టడంలో ఆయనంత చురుకైన మనిషి మీ వార్డు మొత్తంలో ఉండడు.

2. నా భార్య ఇంట్లోనే కుట్టుమిషను మీద పని చేసేది. ఆ పేజీలో ఆమెను అందరూ 'మరకలక్క' అనేవారు. చొక్కా మీద సిరా పడితే పాలలో నానబెట్టమని, తాళం బిగుసుకుంటే పెన్సిలు ములుకు పొడి చేసి వేయమని, తలుపు ఉబ్బి రాసుకుంటుంటే అంచుకు కొవ్వొత్తి రుద్దమని చెప్పేది. చెప్పి ఊరుకునే రకం కాదు. కింది ముసలావిడ సింకు మూసుకుపోతే తానే వేణ్నీళ్ల బకెట్టు మోసుకుని మూడంతస్తులు దిగింది. మరొక సంగతి. ఎవరు ఏ సలహా చెప్పినా, అది పనికొచ్చినా పనికిమాలినదైనా, థాంక్స్ చెప్పకుండా ఉండేది కాదు. ఎందుకే అంటే, "పాపం, వాళ్ల పని మానుకుని రాశారు కదండీ" అనేది. ఈ మర్యాదే ఆమె కొంప ముంచింది.

3. గత నెల రెండో బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషములకు సదరు నా భార్య పేజీలో రాసినది, ఉన్నది ఉన్నట్టు: "గుండె పట్టేసినట్టుంది. చెమటలు పోస్తున్నాయి. ఎవరైనా ఇంట్లో ఉంటే ఒకసారి పైకి రాగలరా?"

ఆ వేళకు బిల్డింగులో పదకొండుమంది ఉన్నారు. తర్వాత తలుపు తలుపూ తట్టి తెలుసుకున్నాను. ఏడు నిమిషాల్లో ఇరవై ఆరు జవాబులు వచ్చాయి. గ్యాస్ అయి ఉంటుంది, వేణ్నీళ్లు తాగమన్నారు ఒకరు. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు ఇంకొకరు. అస్సలు ఎడమవైపు పడుకోవద్దన్నారు వేరొకరు. ఆ ఇద్దరూ అక్కడే నాలుగు ముక్కలు వాదించుకున్నారు కూడా. మా అత్తగారికీ అచ్చం ఇలాగే అయింది, పొద్దున్నకల్లా లేచి కూర్చుంది అని ఒకావిడ ధైర్యం చెప్పింది. ఊపిరి ఎలా పీల్చాలో చూపించే వీడియో ఒకటి వచ్చింది. దాని నిడివి పదకొండు నిమిషాలు. మిగతావి దణ్ణాల బొమ్మలు.

వేణ్నీళ్ల సలహా ఇచ్చినావిడ మా ఎదురింటావిడ, అయ్యా. మా గడపకీ ఆమె గడపకీ మధ్య ఒక కాళ్లు తుడుచుకునే పట్టా ఉంది.

4. మూడు గంటల పద్దెనిమిది నిమిషములకు రెండో అంతస్తులో ఉండే మందుల కంపెనీ ఆయన "కారు తీస్తున్నా అక్కా" అని రాశాడు. మొత్తం మీద మనిషి మాట అదొక్కటే. అది చూసి నా భార్య ప్రాణం కుదుటపడి ఉంటుంది. మరు నిమిషమే, "అందరికీ థాంక్స్. శ్రమ ఇస్తున్నాను" అని రాసింది. ఇంకో నిమిషానికి కార్యదర్శి పచ్చ టిక్కు పెట్టేశాడు.

కారాయన అప్పటికి కింద తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోను మోగితే చూశాడు. సహాయం అందినది అని ఉంది. ఎవరో ముందే వెళ్లారనుకుని మెట్లెక్కి తన ఇంట్లోకి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి మా ఇంటికి ఇంకా పద్దెనిమిది మెట్లు. తర్వాత నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. "పచ్చ టిక్కు పడ్డాక ఇక నేను ఎందుకని అనుకున్నానన్నా" అన్నాడు. ఆయన్ని నేను తిట్టలేకపోయాను. కారు దాకా దిగింది ఆయనొక్కడే మరి.

5. నేను ఇంటికి వచ్చేటప్పటికి ఐదూ నలభై. తలుపు గడియ తీసే ఉంది. వచ్చేవాళ్లు తట్టి ఇబ్బంది పడకూడదని ముందే తీసిపెట్టుకున్నట్టుంది. కుట్టుమిషను ముందుండే కుర్చీని గుమ్మం వైపు తిప్పుకుని అందులో కూర్చుని ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. ఒళ్లో ఫోను ఉంది. అందులో ఆ వరుస కింద రాయబోయి, మూసేసినందువల్ల పోని ముక్క ఒకటి అలాగే ఉంది: "ఇంకా ఎవరూ రా". అంతవరకే.

సహాయం అందలేదనడానికి ఇంతకంటే రుజువు కావాలంటే నేను ఎక్కడి నుంచి తేగలను?

6. ఆ సాయంత్రం కార్యదర్శి పేజీలో సంతాపం రాస్తే యాభై ఎనిమిది దణ్ణాలు వచ్చాయి. నాలుగో రోజున ఒకావిడ, "మరకలక్క చెప్పిన సిరా మరక చిట్కా ఎవరి దగ్గరైనా ఉందా, రేపు పిల్లాడికి యూనిఫారం కావాలి" అని అడిగింది. ముగ్గురు వెంటనే పంపించారు. దానికీ టిక్కు పడింది.

7. ఈ నెల మొదట్లో తమ కార్యాలయం మా బిల్డింగుకు షీల్డు ఇచ్చింది. నూట నలభై నాలుగు విన్నపాలు, నూట నలభై నాలుగింటికీ సహాయం. తమరే స్వహస్తాలతో ఇచ్చారు, ఫోటోలో నవ్వుతూ ఉన్నారు. తమను తప్పుపట్టడం లేదు, తమకు కాగితం మీద ఉన్నదే తెలుసు. ఆ జాబితాను అచ్చు వేయించి, అద్దం కట్టించి, కింద మెట్ల దగ్గర తగిలించారు. నూట ముప్పై ఆరు: నాలుగో ఇల్లు, కుళాయి కారుట, సహాయం అందినది. నూట ముప్పై ఏడు: మూడో అంతస్తు, గుండెనొప్పి, సహాయం అందినది. నూట ముప్పై ఎనిమిది: పిల్లి తప్పిపోవుట, సహాయం అందినది.

పిల్లి నిజంగానే దొరికింది. దానికోసం ఐదుగురు వెతికారు.

రోజూ పనికి పోతూ, వస్తూ ఆ అద్దం ముందు నుంచే నడవాలి. వేరే దారి లేదు. కార్యదర్శిని అడిగాను. "ఒక్కటి ఎర్రగా మారినా షీల్డు వెనక్కి ఇచ్చేయాలి మేస్త్రిగారూ. అందరి పరువూ కదా. అయినా ఆవిడే స్వయంగా థాంక్స్ చెప్పారు. కావాలంటే కొత్త వరుస తెరుచుకుని మళ్లీ అడగొచ్చు కదా" అన్నాడు. గుండె ఆగిపోతున్న మనిషి కొత్త వరుస తెరుచుకోవాలట. పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి అన్న మాట ఇది.

తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చాను. మొదటిసారి గుమాస్తా గారు మర్యాదగానే మాట్లాడారు. "చెప్పిన థాంక్స్ వెనక్కి తీసుకోవాలంటే చెప్పినవాళ్లే తీసుకోవాలండి. బొటనవేలి ముద్ర అడుగుతుంది. ఆవిడని ఒకసారి తీసుకురండి" అన్నారు. రెండోసారి మరణ ధ్రువపత్రం తీసుకెళ్లాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో అయితే ఆవిడ ఖాతా మూసేయగలం. అందిన సహాయం మాత్రం అందినట్టే ఉంటుంది" అన్నారు. మూడోసారి తమరు క్యాంపులో ఉన్నారు.

ఇక అంకెలు వేసే ఓపిక లేదు, అయ్యా.

ఆమె ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకున్న మనిషి కాదు. సూది అరువు తెచ్చుకున్నా దారం చుట్టి తిరిగి ఇచ్చేది. అలాంటి మనిషి బతుకులో మొదటిసారి నోరు తెరిచి రమ్మని అడిగింది. ఎవరూ రాలేదు. ఆ జాబితాలో మాత్రం ఆమె సాయం పుచ్చుకుని, థాంక్స్ చెప్పి, సుఖంగా పోయినట్టుంది. రేపు మేమెవరమూ లేకపోయినా ఆ కాగితం ఉంటుంది. నేను కుట్టిన రిజిస్టర్లు ఎంతకాలం ఉంటాయో నాకు తెలుసు కాబట్టే నా భయం. ఆమె అడిగింది, మేము రాలేదు. ఈ ఒక్క నిజమైనా ఎక్కడో ఒక చోట నమోదై ఉండాలి. కడుపు మండి ఒక మాట అటూ ఇటూ రాసి ఉంటే మన్నించి, నా గోడును గోడకు వదిలేయక, చిత్తగించవలెను.

ఇంకా తమ విధేయుడనే,
బైండింగు మేస్త్రి,
మూడో అంతస్తు.

తా.క. ఆమె ముందుగా భర్తకు ఎందుకు ఫోను చేయలేదని తమ కార్యాలయంలో ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని మూడుసార్లూ భయపడుతూనే వచ్చాను. అడగకపోయినా చెప్పుకోవాలి.

అంతకు ముందు నెలలో ఒకరోజు మిషను సూది వేలికి దిగిందని ప్రెస్సుకు ఫోను చేసింది. చేతుల నిండా జిగురు. వెయ్యి పుస్తకాలు సాయంత్రానికి ఇవ్వాలి. పక్కనున్న కుర్రవాళ్లందరూ వింటుండగా కసిరాను. "ప్రతిదానికీ నాకు ఫోను చెయ్యకు. ఆ గ్రూపులో పెట్టు. అంతమంది ఉన్నారు కదా" అన్నాను. "సరేనండీ" అంది. ఆ తర్వాత పని వేళలో మళ్లీ చేయలేదు. ఆ బుధవారం కూడా చేయలేదు. ప్రెస్సు నుంచి మా ఇంటికి సైకిలు మీద ఆరు నిమిషాలు.

అందుచేత ఇంకొక్క మనవి. సహాయం అందలేదని దిద్దేటప్పుడు, రానివారి పేర్లు రాయవలసి వస్తే మొదట నా పేరు వేయించండి. ఆమె నన్ను పిలవలేదు కదా అని కొట్టేయకండి.