నునుపుగా గొరిగిన భుజం

మార్చి 4

ఎడమ చేత్తో రాస్తున్నా. కోడి గెలికినట్టుంది. ఎవడు చదవాలి గనక! కుడి భుజం పోయింది. బతుకంతా షెడ్లలో గొర్రెల బొచ్చు తీస్తే పోక చస్తుందా? చొక్కా గుండీలు కూడా నోరీనే పెడుతోంది. పెళ్లాం ముందు చంటిపిల్లాడిలా నిలబడాలంటే ఎంత సిగ్గో.

మార్చి 19

డబ్బో ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లొచ్చాం. భుజం కీలు సగం మార్పిడి చాలంది డాక్టరమ్మ. చేతి ఎముక కొసనున్న గుండు తీసేసి లోహపు గుండు పెడతారట. అది తిరిగే గిన్నె ఇంకా బాగుంది గనక నాదే ఉంచుతారట. ఆలస్యం చేస్తే అరిగిన గుండు గిన్నెనీ తినేస్తుందట, అప్పుడిది కుదరదట. మళ్లీ షెడ్డుకి వెళ్లగలనా అనడిగా. "ముందు మీ తల మీరు దువ్వుకోండి, తర్వాత చూద్దాం" అంది. అదే చాలు తల్లీ.

ఏప్రిల్ 8

రేపే ఆపరేషన్. మందు సబ్బుతో స్నానం చేశా.

సాయంత్రం క్లారీ వచ్చాడు. షెడ్లో ఎప్పుడూ నా పక్క స్థానం వాడిదే. "ఒరేయ్ మెర్విన్, ఇంత బొచ్చేసుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్తావా? మన పరువేం కాను!" అంటూ గొర్రెల బొచ్చు తీసే మిషను తీశాడు. భుజం, చంక నున్నగా గొరిగేశాడు. చంక దగ్గర గాటు పడింది. అలవాటు కొద్దీ "తారూ!" అని అరిచాడు. గొర్రెకి గాటు పడితే పూయడానికి తారు డబ్బా తెమ్మని షెడ్లో వేసే కేక అది. నవ్వలేక చచ్చాను. నోరీన్ మాత్రం నవ్వలేదు.

ఏప్రిల్ 9

వెనక్కి పంపేశారు.

గాటులోంచి క్రిములు లోపలికెళ్తే లోహపు గుండుని పట్టుకుని వదలవట. "గొరగమని ఎవరు చెప్పారు?" అంది డాక్టరమ్మ. ఎవరూ చెప్పలేదు. మళ్లీ తేదీ ఎప్పుడో చెప్పలేమన్నారు. దారి పొడుగునా నోరీన్ ఏడ్చింది. నాకు ఏడుపూ రాలేదు.

ఏప్రిల్ 15

క్లారీ గేటు దాకా వచ్చి వెళ్లిపోయాడట. వాణ్ణి ఏమని తిట్టను? ప్రేమగానే చేశాడు.

మే 20

ఆసుపత్రి నుంచి ఫోన్ రాలేదు. చెయ్యి కదిపితే లోపల కరకరమంటోంది.

జూన్ 27

కొత్త ఎక్స్‌రే. గిన్నె కూడా అరిగిందట. సగం మార్పిడి ఇక కుదరదట. మరో పెద్ద ఆపరేషన్, దానికి మళ్లీ వరసలో ఎదురుచూడాలి. చెయ్యి ఎంత లేస్తుందో మాటివ్వలేనంది డాక్టరమ్మ.

జూన్ 28

నోరీన్ ఊళ్లో లేదు. క్లారీ వచ్చి గుండీలు పెట్టాడు. నా భుజం వైపు మాత్రం చూడలేదు.

"తారూ" అన్నాను.

ఇద్దరం నవ్వలేదు.