ఆ పిల్ల కూర్చోలేదు

షహనాజ్,

నువ్వు కామెర్లతో పోయి నేటికి ఏడాది. ఇది చదవవని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ల్యాబ్‌లో జువాలజీ లెక్చరర్ నీ నడుం మీద చెయ్యి వేశాడని ఫిర్యాదు చేస్తే, ప్రిన్సిపాల్ మీ అబ్బాజాన్‌ని పిలిపించి నీ చదువే మాన్పించాడు కదా. ఆ లెక్చరర్ మీద మళ్లీ అలాంటి ఫిర్యాదే వస్తే, ఈరోజు మీటింగులో ఆ ప్రిన్సిపాలే, ఇకమీద ఆడపిల్లలు ఒంటరిగా ల్యాబ్‌కు వెళ్లకూడదని చెప్పాడు. ఐరాల నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్ల కుమారి లేచింది.

"మమ్మల్నే యాడికీ పోవద్దంటారే సార్! చెయ్యేసినాయన్ని ఎందుకు పంపించరు?"

"కూర్చో!" అని ప్రిన్సిపాల్ అరిచాడు. ఆ పిల్ల కూర్చోలేదు.

"షహనాజక్కను పంపించేసినారు. ఇంగ మేం పోము సార్."

నీ సంగతి తనకు చెప్పింది నేనే. హాల్లో ఆడపిల్లలందరం లేచి నిలబడ్డాం.

సాయంత్రానికి ఆ లెక్చరర్‌ని బదిలీ చేస్తున్నామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడికో తెలిసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మీ ఊరు చిత్తూరు కాలేజీకేనట. మీ చెల్లెలు నస్రీన్ ఈ ఏడే అక్కడ చేరింది.

రేపు పొద్దున్నే కుమారిని వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కుతున్నాను. అతను వచ్చేలోపే అక్కడి పిల్లలందరికీ అతనేమిటో తెలియాలి.

నీ రూమ్మేట్,
సరోజ