పారే నీళ్ళలో వేయని చీటీ

నాచారం,
ఏప్రిల్ 16, బుధవారం.

చిరంజీవి హిమజకు,

తాత బుచ్చిరాములు దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదట రాయాలి గనుక రాశాను. అందులో ఎంత నిజముందో చివరికంటా చదివాక నువ్వే తేల్చుకో. అక్కడ మీ మేనత్త తారామణి, ఆమె పిల్లలు బాగున్నారని తలుస్తాను. హన్మకొండలో ఎండలు ఇక్కడికంటే ముదిరాయట. మధ్యాహ్నం బయటికి పోకు.

ఫోనుండగా ఈ ముసలాయనకు ఉత్తరమెందుకని నవ్వుతున్నావేమో. మన ఇంట్లో ఫోను సంగతి నీకు తెలుసు. మోగీ మోగకముందే మీ నాయనమ్మ “స్పీకర్ల పెట్టుండ్రి, పిల్ల గొంతు నేను గూడ ఇంట” అంటుంది. అందరం బుర్రకథ వినేవాళ్ళలాగ చుట్టూ కూర్చుంటాం. నువ్వు “తిన్నవా అమ్మా” అంటావు. మీ అమ్మ “తిన్న, నువ్వు తిన్నవా” అంటుంది. “తిన్న” అంటావు. అంతే, కథ సమాప్తం. నువ్వు ఊరికి పోయినప్పటి నుంచి తల్లీకూతుళ్ళ మధ్య అన్నం తప్ప ఇంకో ముచ్చట నా చెవిన పడలేదు. అందుకని ఉత్తరం. కవరుకు స్పీకరుండదు.

అసలు విషయానికి వచ్చే ముందు కొంచెం దారి తప్పుతాను, ఓర్చుకో. నా చదువు ఐదో తరగతి. ఆ పైన నన్ను చదివించింది నాచారంలో నేను పనిచేసిన బైండింగు షెడ్డు. పుస్తకం మా దగ్గరికి పుస్తకంగా రాదు. పదహారేసి పేజీల మడతలుగా వస్తుంది. వాటిని ఫారాలంటాం. నా ముందుకు ఏ ఫారం వస్తే అది కుడుతూ చదివేవాణ్ణి. ముందుదీ వెనకదీ పక్కవాడి దగ్గరుండేవి. అందుకే నాకు మనిషి గుండె గురించి క్షుణ్ణంగా తెలుసు, ఊపిరితిత్తుల గురించి ఏమీ తెలియదు. ఒక నవలలో పెళ్ళికూతురు పీటల మీంచి లేచిపోవడం వరకు చదివాను, ఎందుకు లేచిందో ఇప్పటికీ తెలియదు. ఆ అలవాటు ముదిరి, మడిచిన కాగితం ఎక్కడ కనబడినా విప్పి చదవందే ఊరుకోలేను. మిర్చి బజ్జీల పొట్లం విప్పి నూనె మరకల సందులోంచి చదువుతుంటే మీ నాయనమ్మ “ముసలోడా, బజ్జీ ఇడ్సి కాగితం తింటున్నవేంది” అని తిట్టడం నీకు గుర్తుండే ఉంటుంది. ఈ సంగతి ఊరికే చెప్పలేదు. తరవాత పనికొస్తుంది.

ఇప్పుడు నీ సంగతి. మా రోజుల్లో పరీక్ష రాసేవాళ్ళు, ఫలితం చూసేవాళ్ళు, ఆ తరవాత కాలేజీ వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు ఇంటర్ ఫలితాలు వచ్చేవారం అంటున్నారు, కాలేజీలు మాత్రం ఫిబ్రవరిలోనే సీటిచ్చేశాయి. పుణె యూనివర్సిటీ వాళ్ళు భూగర్భ శాస్త్రంలో సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఘట్‌కేసర్ దగ్గరి వాళ్ళు కంప్యూటర్ సైన్సు ఇస్తామన్నారు, వాళ్ళ బస్సు ఉప్పల్ చౌరస్తాకు వస్తుంది. ఫలితం తేడా వస్తే రెండూ చెల్లవు. నీ కెమిస్ట్రీ పరీక్ష ఎట్లా జరిగిందో మనకు తెలుసు. ఆ పొద్దున మీ నాన్నకు మళ్ళీ ఫిట్స్ వచ్చి మేము దవాఖానాకు పరుగెత్తాం, నువ్వు ఆటోలో ఏడ్చుకుంటూ సెంటరుకు పోయావు. పాసవుతావో లేదో తేలకుండానే ఏ ఊళ్ళో బతకాలో తేల్చుకోమనడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. కానీ నన్నెవరు అడిగారు?

పుణె సీటు ఎందుకు కోరుకున్నావో ఈ ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. ఏడో తరగతిలో ఉప్పల్ రోడ్డులోని భూకంపాలు కొలిచే ఆఫీసుకు మీ బడివాళ్ళు తీసుకుపోయారు. ఆ సాయంత్రమే ఫ్రిజ్ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, మల్లాపూర్ దిక్కు లారీ పోయినప్పుడల్లా అవి ఎంత వణుకుతున్నాయో చూస్తూ కూర్చున్నావు. మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చి, దాహమేసి, ఆ నీళ్ళు గటగటా తాగేశాడు. నువ్వు “నా భూకంపం తాగినవ్ డాడీ” అని ఏడ్చావు. నరేందర్ అంతగా నవ్వడం ఆ తరవాత నేను చూడలేదు.

పోయిన దసరా ముందు వాడికి పక్షవాతం వచ్చింది మొదలు మన ఇల్లు మంచం చుట్టూ తిరుగుతోంది. మీ అమ్మ దుర్గాభవాని మందుల కంపెనీలో ప్యాకింగు చూసుకుని వచ్చి వాడికి స్నానం చేయిస్తుంది. వాడి చెయ్యీ కాలూ సాగదీసే కసరత్తులు నువ్వు చేయించేదానివి. ఇప్పుడు నేను చేయించబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడు.

అందుకే పుణె మాట వచ్చినప్పుడల్లా రభస అయ్యేది. మీ నాయనమ్మ “తండ్రి గిట్ల పండితే పిల్ల రాళ్ళు సదువనీకి పుణె పోతదా” అనేది. మీ అమ్మ కూడా అదే పాట పాడేది. “పుణెల మనకు ఎవరున్నరు? జరం గిట్ల వస్తే నీళ్ళిచ్చేదెవరు? బస్సు ఉప్పల్ దాక వస్తుంటే గీ తిప్పలెందుకు?” అని రోజూ అదే మాట. నువ్వు ఒకనాడు పోతానంటావు, ఒకనాడు పోనంటావు. పైన అద్దెకుండే ప్రశాంత్, పాపం సాఫ్ట్‌వేర్ మనిషి, కాగితం మీద గీత గీసి లాభాలు ఒక దిక్కు, నష్టాలు ఒక దిక్కు రాసిచ్చాడు. మీ నాయనమ్మ ఆ కాగితం మీద వేపుడు పోసి నూనె ఇంకించింది.

చివరికి ఆమే తీర్పు చెప్పింది. “మనతోని తెగదు, ఎల్లమ్మ తల్లి మీద ఏద్దాం. చీట్లేసి తీద్దాం” అంది. మా అమ్మ కాలం నుంచి మన ఇంట్లో ఉన్న పద్ధతే. రాసేది ఒకరు, తీసేది ఇంకొకరు. తీసిన చీటీ పైకి చదివి దీపానికి అంటించాలి, మళ్ళీ వాదులాట ఉండకూడదని. మిగిలిన చీటీ విప్పకుండా పారే నీళ్ళలో వేయాలి. తల్లి వద్దన్నదాన్ని మనం చూడకూడదు. అంతే, ఆ పైన ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఆ ఆదివారం ఉప్పల్‌లో మ్యాచ్. పూలకూ కర్పూరానికీ పోయిన మీ అమ్మ నారింజ చొక్కాల జనంలో చిక్కుకుని పొద్దుగూకాక వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లోకి పోయి చీట్లు రాసి, మడిచి, ఇత్తడి పళ్ళెంలో పసుపు బియ్యం మీద వేసింది. మీ నాయనమ్మ మూడుసార్లు కుదిపింది. మీ నాన్న మంచం మీంచి చూస్తున్నాడు. నువ్వు కళ్ళు మూసుకుని ఒకటి తీసి, విప్పి చూశావు. నీకు చదవడం నేర్పింది నేనే. ఒక్క పేరు చదవడానికి నీకెంత సేపు పడుతుందో నాకు తెలుసు. ఆ రోజు అంతకంటే చాలాసేపు పట్టింది. తరవాత “ఘట్‌కేసర్” అన్నావు. అని, నాయనమ్మ చెయ్యి చాచినా ఇవ్వకుండా నువ్వే దీపానికి అంటించావు.

మీ నాయనమ్మ పళ్ళెం నేల మీద పెట్టి చెంపలేసుకుంది. మీ నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మీ అమ్మ గడప మీద కూలబడింది. మొక్కు తీరి బరువు దిగిందనుకున్నాం. స్టేడియం దిక్కునుంచి అప్పుడే పెద్ద అరుపు వినబడింది. ఎవరో ఔటయ్యారు.

మర్నాడే నువ్వు బట్టలు సర్దుకుని మేనత్త ఇంటికి పోయావు.

హిమజా, ఇప్పుడు ఒక మాట రాస్తాను. ఇది రాయడానికి పొద్దటి నుంచి చాయ్ మీద చాయ్ తాగుతున్నాను. పోయిన నెల దవాఖానాలో పెద్ద డాక్టరు నన్నూ మీ అమ్మనూ పక్కకు పిలిచాడు. నరేందర్‌కు తిరిగి రావలసినంత వచ్చేసిందని, ఇంకా వస్తుందని ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. ఇట్లాగే నిలకడగా ఉంటే మేలన్నాడు. కసరత్తులు చేయిస్తే కీళ్ళు బిగుసుకోకుండా ఉంటాయట, అంతేనట. నువ్వు ఇంట్లో ఉన్నా వాడు మంచంలోనే ఉంటాడు, నువ్వు పుణెలో ఉన్నా మంచంలోనే ఉంటాడు. ఈ మాట మీ అమ్మ నోట రాదు, మీ నాయనమ్మకు తెలియదు. వాడు నా కొడుకు గనుక నేనే రాయాలి. నువ్వు దగ్గరుంటే లేచి నడుస్తాడని అనుకుంటున్నావేమో. నడవడు, బిడ్డా.

కాకపోతే నువ్వు కనబడకపోతే వాడు బెంగపడతాడు. అది దాచను. ఇప్పుడే సాయంత్రమయ్యేసరికి గేటు చప్పుడైతే తల తిప్పి చూస్తున్నాడు. నాలుగేళ్ళు అట్లాగే చూస్తాడు. అది చూస్తూ మేముండాలి. ఉంటాం.

పుణె సీటు ఇంకా పోలేదని ప్రశాంత్ చెప్పాడు. వద్దని నువ్వు జవాబు పంపితేనే ఇప్పుడు పోతుంది, ఏమీ పంపకపోతే శనివారం సాయంత్రం దానంతటదే పోతుందట. నువ్వు పంపావో లేదో నాకు తెలియదు. పో అనీ అనను, ఉండు అనీ అనను. దూరదేశపు చదువు గొప్పదని చెప్పడానికి నేను నాచారం దాటి చదివినవాణ్ణి కాను. ఒక్కటే అడుగుతాను. ఏది ఎంచుకున్నా నీ ఇష్టంగా ఎంచుకో. ఎల్లమ్మ మీద పెట్టకు, నాన్న మీద పెట్టకు. పెట్టినవాళ్ళు తరవాత ఆ మంచం మీది మనిషి మీదే కోపం తెచ్చుకుంటారు. అది నేను చూడలేను.

మొన్న సోమవారం గడప మీద కూర్చుని పుంటికూర తెంపుతుంటే మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూర్చుంది. మాటల్లో నాతో ఒక సంగతి చెప్పింది. చెప్పి, “హిమజకు రాసే ఉత్తరంల గీ మాట రానియ్యకు మామా, నా మీద ఒట్టు” అని చెయ్యి పట్టుకుంది. ఒట్టు వేశాను. కనుక ఉత్తరంలో రాయడం లేదు.

మీ మేనత్తకు నా దీవెనలు. రాత్రిళ్ళు పడుకునే ముందు కాస్త మజ్జిగ తాగు.

నీ మేలు కోరే
తాత,
బుచ్చిరాములు

తా.క.: బైండింగులో ఒక లెక్క ఉంది. చివరి అట్టకు అంటించే కాగితం పుస్తకంలోకి రాదు. అట్లాగే సంతకం కింద రాసింది ఉత్తరంలోకి రాదని నా వాదన. మీ అమ్మకు తెలిస్తే ఒప్పుకోదు, కాబట్టి తెలియనీయకు.

మిగిలిన చీటీని పారే నీళ్ళలో వేసి రమ్మని మీ నాయనమ్మ ఆ రాత్రే నా చేతికిచ్చింది. ఉప్పల్ నాలాను పారే నీళ్ళనవచ్చునా అని ఆలోచిస్తూ దారిలో, నా జబ్బు నీకు తెలుసు గదా, విప్పి చూశాను. పుణె అని ఉంది. వింతేముంది, నువ్వు తీసింది ఘట్‌కేసర్ గదా అనుకుని, ఎందుకో పారేయబుద్ధి కాక జేబులో పెట్టుకున్నాను.

సోమవారం మీ అమ్మతో “నువ్వనుకున్నట్టే తల్లి చెప్పింది గదా బిడ్డా” అన్నాను. ఆమె చేతిలో పుంటికూర ఆకు నలిగి ముద్దయింది. “రెండిట్ల గూడ పుణె అనే రాసిన మామా” అంది. నాకు అర్థమయ్యేలోపే మళ్ళీ అంది. “నేను పొమ్మంటే అది పోదు. అమ్మ ఒక్కతే ఎట్ల జేస్తది అని ఆగుతది. అందుకే వద్దు వద్దన్న. ఎల్లమ్మ పొమ్మంటే పోతదనుకున్న.” నువ్వు ఆ కాగితం మీద పుణె చూసి నోటితో ఘట్‌కేసర్ అన్నప్పుడు ఆమె అక్కడే ఉంది. కాదనాలంటే తన మోసం బయటపెట్టుకోవాలి, అత్త ముందు, దీపం ముందు. గడప మీద కూలబడింది అందుకు.

నువ్వు ఎందుకట్లా చదివావో నేనడగను. ఆమె కూడా అడగదు, అందుకే ఫోనులో తిన్నవా తిన్న అంటోంది.

ఆ చీటీ ఈ కవర్లో పెడుతున్నాను. మీ అమ్మ అక్షరం నువ్వు గుర్తుపడతావు. నువ్వు కాల్చింది కూడా అదే అక్షరం.

స్పీడ్ పోస్టు శుక్రవారానికి చేరుతుందని నాచారం పోస్టాఫీసులో అన్నారు. శనివారం రాత్రి ఫోన్ చేయి. స్పీకర్లో పెడతారు గనుక ఏమీ చెప్పకు. పుణెకు వస్తానని జవాబు రాసి ఉంటే “తాతా, తిన్నవా” అని ముందు నన్నడుగు. లేదంటే ఎప్పటిలాగే మీ అమ్మను అడుగు. నేను అప్పటిదాకా పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంటాను.