ఠాణా ఎదుటి చాయ్ హోటలు గురించి

ఛత్రినాక, హైదరాబాదు,
1979.

శ్రీయుత పోలీసు ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, పాల వ్యాపారి పెంటయ్య వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా కుమారుడు చి. ప్రహ్లాద్ (పదహారేండ్లు) చావబోయి బతికిన నేరమునకు ప్రతి సోమవారం ఠాణాలో సంతకము పెట్టుట గురించి.

అయ్యా,

1. నా కుమారుడు గంజాయికి అలవాటుపడి, కాలేజీ మాని, గోడకు తిరిగి పడుకొనుచుండెను. నవ్వడు, తినడు, కన్నతల్లితోను మాట్లాడడు. గత నెల ప్రాణము తీసుకొనబోగా ఇరుగుపొరుగు కాపాడిరి. కాపాడినవారిని ఒక మంచి మాట అనుటకు తమకు తీరిక చిక్కలేదు గాని, బతికినవానిపై కేసు పెట్టుటకు చిక్కినది.

2. సదరు గంజాయి అమ్మువాడు గుండయ్య. ఠాణా ఎదుటి చాయ్ హోటలు వానిదే. ఈ సంగతి ఛత్రినాకలో పసిపిల్లలకు సైతము తెలియును. తమకు తెలియకపోవుట తమ గొప్పతనము. నా కుమారుడు సంతకము పెట్టి బయటికి రాగానే వాడు "రారా బేటా, ఫికర్ ఎందుకు?" అని పిలుచును. ఇంట్లో మేము కాపలా కాసి మాన్పించుచున్న దానిని తమ సంతకము మరల అంటించుచున్నది.

3. ఈ విషయమై మొరపెట్టుకొనుచుండగా తమరు దయతో నాకు చాయ్ తెప్పించితిరి. తెచ్చినవాడు గుండయ్యయే! తనపై ఫిర్యాదును గ్లాసులు పట్టుకొని ఆసాంతము విని, "పెంటన్నా, శక్కర సరిపోయిందా?" అని అడిగినాడు. తమరు "దర్యాప్తు చేస్తాం" అని ఇంకొక గ్లాసు తీసుకొంటిరి. నిందితుడు తానే నడిచివచ్చినను తమకు కనబడలేదు.

4. పెద్దాసుపత్రి డాక్టరు విమలాదేవి గారు చెప్పినది: "దిగులుకు గంజాయి ఒక్కటే కారణమనలేను. కానీ ఈ వయసులో అది దిగులును పెంచుతుంది, చావు తలపును దగ్గర చేస్తుంది. పిల్లవాణ్ణి తిట్టకండి, ఒంటరిగా వదలకండి." తమ జవాను రామ్‌చందర్ గారి వైద్యము వేరు. సంతకము పెట్టుచున్న పిల్లవానితో వారు సెలవిచ్చినది: "సక్కగ సచ్చుంటే కేసే లేకుండె గదరా!" అందరును నవ్విరట. వాడు ఇంటికి వచ్చి, "నిజమే గద బాపూ?" అని నన్ను అడిగినాడు. ఆ పూట నేను పాలు పోయుటకు పోక వాని పక్కనే కూర్చుంటిని.

కావున సదరు కేసు ఎత్తివేసి, గుండయ్యను లోపల వేయవలెను. తమకు చాయ్ కొరత కలిగినచో నా బర్రెల పాలు పంపగలను. గ్లాసు కింద పెట్టిన పిమ్మట చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
పెంటయ్య

తా.క.: సారూ, గింతసేపు ఇజ్జతిచ్చి రాసిన, ఇగ నాతోని కాదు. ఈ సోమవారం మా పోరడు సంతకానికి రాడు. డాక్టరమ్మ తాన్కి తోల్కపోతున్న. పట్కపోతె నన్ను పట్కపోండ్రి. ఇంకో కేసు పెట్టుకుంటరా, పెట్టుకోండ్రి. నా కొడుకు బతుకుతడు.