గంగప్ప ఏడంతస్తులు దిగిన వైనం

బెంగుళూరు, 9-6-1986

మా ఓబన్న మామకు, కదిరమ్మత్తకు దివాకర్ వంగి దండం పెట్టి రాసేది. నేనిక్కడ వేళకు తిని, వేళకు పడుకుని బాగున్నాను. మీరెలా ఉన్నారో రాయండి.

టీవీలు బాగుచేసే షాపులో పని కుదిరిందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఇప్పుడా పని మారింది. మా ఓనరు బావమరిది సింగపూరు నుంచి ఒక మిషను తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి, టేపురికార్డరులో క్యాసెట్టు వేస్తే తెర మీదికి ఆట వస్తుంది. అమ్మేవాడికి ముందు ఆట రావాలి కదా అని, ఆఖరుదాకా ఆడి నేర్చుకునే పని నాకు అప్పజెప్పాడు. చిన్నప్పుడు ఆడుకుంటుంటే నువ్వు చింతబరికె తీసేవాడివి. ఇప్పుడు ఆడితే జీతమిస్తున్నారు మామా.

ఆటంటే మామూలు ఆట కాదు. భూమి లోపల కోట. కిందికి ఏడంతస్తులు. నిచ్చెనలు ఎక్కాలి, గుంతలు దూకాలి, బండల్ని తోయాలి. బండ సరైన చోటికి తోస్తే తలుపు తెరుచుకుంటుంది. తప్పు చోటికి తోశామా, వెనక్కి లాగడానికి లేదు. నిన్న మొదటి అంతస్తులోనే నిచ్చెన మీంచి పడి చచ్చాను. లేచి మళ్ళీ ఎక్కితే గబ్బిలం కొట్టి చచ్చాను. మూడోసారి బండ కింద పడి చచ్చాక, ఓనరు లైటార్పి ఇంటికి పొమ్మన్నాడు.

ఇట్లు,
మీ దివాకర్

తా.క.: ఇక్కడ సంగటి ముద్ద సరిగ్గా దొరకడం లేదని అత్తకు చెప్పు. చావడానికి కూడా బలం కావాలి.

*

వడ్డిపల్లి, 14-6-86

అల్లుడు దివాకర్‌ను ఓబన్న ఒక చేత్తో దీవించి, ఇంకో చేత్తో చెవి మెలిపెట్టి రాసేది.

నీ ఉత్తరాన్ని పంచాయతీ అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాను. వాన లేక దుక్కులు ఆగిపోయాయి కాబట్టి ఊరు ఊరంతా అక్కడే ఉంది. నువ్వు మూడుసార్లు చచ్చిన చోటికి వచ్చేసరికి మీ అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆదెన్న మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఒగసారి చచ్చినోనికే ఆ పొద్దు సెలవియ్యాల గదా! మూడుసార్లు చచ్చేదాకా ఇంటికి పంపలేదంటే వాడు ఓనరా, యముడా?"

పని మానేసి వచ్చెయ్యమని రాయాలని కూర్చున్నాను. కానీ వచ్చి ఏం చేస్తావు? ఇక్కడ ఒక్క పదును వాన పడలేదు. బుక్కరాయసముద్రం చెరువులో దూడలు మేస్తున్నాయి. విత్తనం శెనక్కాయలు మూటల్లోనే ఉన్నాయి. వాన కోసం పురాణం పెట్టిద్దామంటే, చదవాల్సిన శ్రీరంగప్ప గుంతకల్లులో కూతురింటికి పోయి పళ్ళన్నీ పీకించుకుని వచ్చాడు. పద్యం ఎత్తుకుంటే గాలి తప్ప అక్షరం రావడం లేదు.

ఇట్లు,
ఓబన్న

తా.క.: మీ అత్త తాయెత్తు పంపింది. నిచ్చెన ఎక్కే ముందు కట్టుకో. కింద ఎవరినైనా గట్టిగా పట్టుకోమను.

*

బెంగుళూరు, 19-6-86

దిగులు పడుతున్న మామకు, ఏడుస్తున్న అత్తకు దివాకర్ ప్రాణాలతో రాసేది.

చచ్చింది నేను కాదు మామా! టీవీలో బొటనవేలంత మనిషి. ఎర్ర టోపీ పెట్టుకుని ఉంటాడు. నేను మీటలు నొక్కితే వాడు నడుస్తాడు. వాడికి మూడు ప్రాణాలు. మూడూ పోతే మళ్ళీ పైనుంచి మొదలు. నాకు గీత కూడా పడలేదు. కూర్చుని కూర్చుని నడుము మాత్రం పట్టేసింది.

ఇప్పుడు రెండో అంతస్తు దాటాను. అక్కడ రెండు బండలుంటాయి. పెద్దదాన్ని ముందు తోస్తే దారి మూసుకుపోతుంది. చిన్నదాన్ని గుంతలో పడేసి, దాని మీదుగా పెద్దదాన్ని దొర్లించాలి. ఇది తెలియడానికి వాడు ఎన్నిసార్లు చచ్చాడో రాస్తే అత్త మళ్ళీ ఏడుస్తుంది. క్యాసెట్టు అట్ట మీద ఒక బొమ్మ ఉంది. ఏడో అంతస్తులో పెద్ద తలుపు, దాని వెనకనుంచి నీళ్ళు ఎగజిమ్ముతూ ఉంటాయి. ఆ తలుపు తీస్తే ఆట గెలిచినట్టు.

ఇట్లు,
మీ దివాకర్

తా.క.: నేను బెంగుళూరు బండెక్కేటప్పుడు నువ్వు కొనిచ్చిన సిరా పెన్నుతోనే ఇదంతా రాస్తున్నాను. చేతికంతా సిరా. షాపులో అందరూ నన్ను పోస్టుమాస్టరంటున్నారు.

*

వడ్డిపల్లి, 25-6-86

ఏడంతస్తుల అల్లుడికి మామ, అత్త, ఊరి పెద్దలు, పిల్లాజెల్లా అందరూ దీవించి రాసేది.

మృగశిర ఎండలోనే పోయింది. కానీ నీ ఉత్తరంతో ఊరికి ప్రాణం లేచొచ్చింది. 'తలుపు వెనక నీళ్ళు' అని చదివానో లేదో, అరుగు మీదివాళ్ళంతా ముందుకు జరిగారు. శ్రీరంగప్ప చేత్తో సైగ చేసి, ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు. అంతే, ఇదే ఈ ఏటి పురాణమని ఊరు తీర్మానించేసింది. మనిషి పాతాళానికి దిగుతున్నాడు, గంగను విడిపించడానికి. పురాణానికి ఇంకేం కావాలి?

ఆంజనేయస్వామి గుళ్ళో వాడి పేరు మీద టెంకాయ కొట్టాలంటే పేరు కావాలి కదా. గంగప్ప అని పెట్టాం. గోత్రం నీదే చెప్పాం. కాబట్టి ఇకనుంచి వాడు మనింటి మనిషి.

నువ్వు తలస్నానం చేసి ఆడు. కోడిగుడ్డు ముట్టుకోవద్దు. ముఖ్యంగా మధ్యలో ఆపొద్దు. మొదలుపెట్టిన పురాణం సగంలో వదిలేస్తే ఉన్న మబ్బు కూడా పోతుందని నీకు తెలుసు కదా. ఆదెన్నకు ఒక్కటే అనుమానం.

"తోసేది వచ్చినోనికి లాగేది రాదా? తాడు లేకుండా బాయిలోకి దిగే మనిషిని యాడైనా చూసినామా? ఏం పెంచినారప్పా వాన్ని!"

ఇట్లు,
ఓబన్న

తా.క.: మీ అత్త అడుగుతోంది: "మొదటి అంతస్తు కాడినుంచి వాడు ఏమన్నా తిన్న్యాడా?"

*

బెంగుళూరు, 1-7-86

పురాణం వింటున్న ఊరందరికీ, ముందుగా మామకు దివాకర్ భయపడుతూ రాసేది.

మామా, నీ కాళ్ళు మొక్కుతాను, ఇది ఆట. పిల్లలాడుకునేది. దీనికి మేఘాలు కదలవు. ఈ మాట అరుగు మీద గట్టిగా చదువు.

చదివావా? సరే, ఇప్పుడు మిగతాది. గంగప్ప అయిదో అంతస్తు దాటాడు! నాలుగోదాంట్లో ఒక మూల ఎర్రటి పండు వేలాడుతుంటే, అది ఉత్త బొమ్మే అనుకుని ఇన్నాళ్ళూ వదిలేశాను. అత్త అడిగిందని వాణ్ని అటు తీసుకుపోయాను. పండు తినగానే వాడికి ఇంకో ప్రాణం వచ్చింది. అత్త లేకపోతే అయిదోదాంట్లోనే కథ ముగిసేది.

ఒక్క మాట దాచుకోకుండా రాస్తాను. బెంగుళూరులో నేను వచ్చినా పోయినా అడిగేవాళ్ళు లేరు. గదికి పోతే గోడలు. ఇప్పుడు గంగప్ప ఒక బండ తోసినా ఇది మామకు రాయాలి, దీనికి ఆదెన్న ఏమంటాడో అనిపిస్తోంది. ఒంటరిగా ఆడుతున్నట్టే లేదు. అందుకు మీ అందరికీ రుణపడి ఉంటాను.

ఇట్లు,
మీ దివాకర్

తా.క.: అత్త సంతోషం కోసం టీవీకి పసుపు రాసి, పైన రెండు పూలు పెట్టాను. "దీనికి పెళ్ళెవరితో?" అని ఓనరు అడిగాడు. ఒక కస్టమరైతే చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు.

*

వడ్డిపల్లి, 8-7-86

అల్లుడికి మామ తొందరగా రాసేది.

ఆరుద్ర కూడా మోసం చేసింది. పునర్వసు నడుస్తోంది. పైకి చూసి చూసి అందరి మెడలూ పట్టేశాయి.

ఇది నవ్వులాట కాదు, జాగ్రత్తగా విను. కాయల వ్యాపారి ఊరిమీద తిరుగుతున్నాడు. సగం ఇళ్ళవాళ్ళు విత్తనం కాయలు అమ్మేసి మీ బెంగుళూరుకే కూలికి రావాలని చూస్తున్నారు. అమ్మేస్తే ఇక ఈ ఏడు విత్తేది లేదు. తర్వాత వాన పడినా చూస్తూ కూర్చోవాల్సిందే. నేను అడ్డం పడ్డాను. "గంగప్ప ఆ తలుపు తీసేదాకా మూటలు ముట్టొద్దండప్పా" అన్నాను. విన్నారు. నా మాట విన్నారో, గంగప్ప మాట విన్నారో తెలియదు కానీ ఆగారు. నువ్వు చదవమన్న ముక్క కూడా చదివాను. "ఇది ఆట" అనగానే, "దేవుని ఆటలన్నీ అట్లే ఉంటాయి" అన్నాడు ఆదెన్న.

ఇక నీదే భారం. తొందరగా తెరిపించు.

ఇట్లు,
ఓబన్న

తా.క.: గంగప్ప గెలిస్తే మేకపోతును కోస్తానని ఆదెన్న మొక్కుకున్నాడు. మేకపోతు నాది.

*

బెంగుళూరు, 14-7-86

మామకు దివాకర్ తల దించుకుని రాసేది.

ఎలా రాయాలో తెలియడం లేదు. శనివారం గంగప్ప ఏడో అంతస్తుకు దిగాడు. ఆఖరి బండను సరిగ్గా తోశాడు, తాళంచెవి తీసుకున్నాడు, తలుపు దగ్గరికి పోయాడు. అంతలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ క్యాసెట్టు వేస్తే టేపురికార్డరు టేపును లోపలికి లాగేసి నమిలేసింది. పెన్సిలు పెట్టి తిప్పాను, అతికించాను, ఏం చేసినా రాలేదు. వేరే క్యాసెట్టు లేదు. విసిగిపోయి ఓనరు మిషనునే అమ్మేశాడు.

పురాణం సగంలో ఆగిపోయింది మామా. నన్ను నమ్మి ఊరు ఆగింది. ఇక ఆగొద్దని చెప్పు. ఎవరి కాయలు వాళ్ళు అమ్ముకోనీ. తప్పంతా నాదని చెప్పు.

ఇంకొకటి. షాపు మిద్దె మీద రేకుల గది ఉంది. ఓనరును బతిమాలి ఒప్పించాను. మనూరి నుంచి ఎవరొచ్చినా, ఎంతమందొచ్చినా తలదాచుకోవడానికి చోటుంది. స్టేషనుకు నేనే వస్తాను. అమ్మ పోయాక నన్ను మీరందరూ తలా ఒక ముద్ద పెట్టి పెంచారు. అది మర్చిపోలేదు.

ఇట్లు,
దివాకర్

తా.క.: ఈసారి తా.క.లో రాయడానికేమీ లేదు.

*

వడ్డిపల్లి, 18-7-86

మా ఇంటి బిడ్డ, ఊరందరి అల్లుడు దివాకర్‌ను వడ్డిపల్లి మొత్తం తడిసిన చేతులతో దీవించి రాయించేది.

అరుగు మీద అందరి ముందరా కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆదెన్న నా భుజం మీంచి చూస్తున్నాడు. వాడికి చదువు రాదు, అయినా చూస్తున్నాడు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. సాయంత్రం జనమంతా చేరారు. వ్యాపారి లారీ కూడా అరుగు పక్కనే వచ్చి ఆగింది. "గంగప్ప తెరవకపోతే ఈ పొద్దే ఎత్తేద్దాం" అని మూటలు బయటికి తెచ్చి పెట్టుకున్నారు. నేను కవరు విప్పి "మామకు" అన్నాను. ఆ మాట మీద చినుకు పడింది. తర్వాత పడిందాన్ని చినుకు అనడానికి లేదు. మూటలు ఇళ్ళలోకి పరుగెత్తాయి. వ్యాపారి లారీ ఇప్పటికీ వాగు ఒడ్డున బురదలోనే ఉంది.

నీ ఉత్తరం మాత్రం తడిసి, సిరా మొత్తం కారిపోయి, ఉత్త నీలం కాగితమైంది. ఎవరూ బాధపడలేదు. "చదివేదేముండాదన్నా, తలుపు తెరిచినాడని పైనుంచే చెప్పినాడు గదా!" అన్నాడు ఆదెన్న. శ్రీరంగప్ప వానలో నిలబడి పళ్ళు లేని నోటితో మంగళం పాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ అందరం దండం పెట్టాం. రేపటినుంచి విత్తనాలు. నీకు, నీ మిషనుకు, మీ ఓనరుకు, ఆయన బావమరిదికి అందరి దండాలు.

ఇట్లు,
ఊరందరి తరఫున
ఓబన్న

తా.క.: అందరూ ఇళ్ళకు పోయారు. ఇది నేనొక్కణ్నే ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం మధ్యాహ్నమే వచ్చింది రా. పొడిగానే వచ్చింది. అంతా చదివాను. మీ అత్త పెట్టిన ముద్ద పక్కన పెట్టి మళ్ళీ చదివాను. ఊరికి ఉన్నదున్నట్టు చెప్పాలనే అరుగెక్కాను. చినుకు నిజంగానే పడింది, కానీ కాగితం మీద పడింది ఒక్కటే. మిగతాది నేనే చూరు కింద పట్టి తడిపాను. రేకుల గది సంగతి రాశావే, ఆ ముక్క మాత్రం ముందే చింపి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడది విత్తనం మూటలో ఉంది. మాకు వాన పంపింది ఎవరో నాకు తెలియదు అల్లుడూ. వాన రాకపోయినా మాకు చోటు చూసిపెట్టింది నువ్వు. నా లెక్కలో ఆ తలుపు తెరిచినట్టే.

మేకపోతు నిన్న వానలో ఎటో పారిపోయింది. వెతకొద్దని ఆదెన్నకు చెప్పాను. ఇంకొక్క మాట. ఎక్కడైనా ఆ క్యాసెట్టు ఇంకొకటి దొరికితే కొను, దుడ్లు నేనిస్తాను. ఇంత వాన పడింది, ఊరంతా తడిసింది. గంగప్ప ఒక్కడే తాళంచెవి చేతిలో పట్టుకుని ఆ తలుపు ముందర ఎండలో నిలబడి ఉన్నట్టు అనిపించి, నాకు నిద్ర పట్టడం లేదు.