టికెట్టు లేని విమానం

ధర్మవరం,
ఆదివారం.

శంకర్ బావకు,

ప్రేమతో అని రాయాలని ఉంది కానీ, కోపమే ముందుకొస్తోంది. ఫోనులో అయితే రెండు తీపి మాటలు చెప్పి నా నోరు మూయిస్తావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాసి పంపు.

సెలవు దొరికిందని కొండల మీది డ్యూటీ నుంచి లేహ్‌కు దిగి వారం దాటింది. రోజూ ఒకటే పాట. పొద్దున్నే మిలిటరీ విమానం దగ్గరికి పోతావంట, సీటు మిగిలితే పేరు పిలుస్తారంట, పిలవకపోతే మళ్లీ క్యాంపుకే వస్తావంట. ఇదేం ప్రయాణం బావా? మన స్టేషన్లో వెయిటింగ్ లిస్టుకైనా ఒక నంబరుంటుంది. నీ విమానానికి టికెట్టే లేదు. పీఎన్ఆర్ పంపమంటే నవ్వావు. నవ్వితే నా అనుమానం పోతుందనుకున్నావా?

సరే, నమ్ముదామనే అనుకున్నాను. ఇంతలో నిన్న కదిరి రమేష్ పెళ్లాం రోజాను వెంటబెట్టుకుని మనింటికి చీర కొనడానికి వచ్చాడు. నీతోపాటే సెలవు తీసుకున్నవాడు, క్యాంపులో నీ పక్క మంచం వాడు! మగ్గం గుంతలోంచి లేచి అడిగాను, "మా బావ యాడ?" అని.

"వస్తాడులే వదినా. ఆడ సీట్లు లేవు."

"మరి నీకెట్ల దొరికిందప్పా?"

రోజా వైపు చూశాడు. రోజా తల దించుకుంది. అత్త కూడా అడిగేసరికి "టైమయితాంది" అని చీర కొనకుండానే లేచారు. ఏదో దాస్తున్నారు.

అక్కడ ఇంకెవరైనా ఉన్నారా నీకు? ఉంటే చెప్పెయ్. లేక నా దగ్గరికి రావడమే ఇష్టం లేదా? గురువారం లోపల రాకపోతే పెనుకొండకు మా అమ్మ దగ్గరికి పోతాను. ఆ తర్వాత నువ్వొచ్చి పిలిచినా రాను, ఒట్టు.

ఇంకా నీదాన్నేనేమో,
నీలావతి


లేహ్,
సోమవారం.

నా నీలకు,

అమ్మ తల్లీ! ముక్కు ఉందో ఊడిందో తెలియని ఈ చలిలో నాకు ఇంకొకతెనా? మంచు పడితే విమానం రాదు. వచ్చినా ముందు ఇంట్లో కష్టమున్నవాళ్లకు సీటిస్తారు, మిగిలితే మాకు. అది న్యాయమే. మొదటి రోజే సుబేదార్ సాబ్ అందరినీ అడిగాడు, ఇంట్లో ఎవరికైనా సీరియస్సా అని. రమేష్ టక్కున రోజా ఆసుపత్రిలో ఉందన్నాడు. వాడి పేరు పైకెక్కింది. "నువ్వూ వదినకు బాగలేదని చెప్పబ్బా, ఎవురు చూడొచ్చినారు?" అని నా చెవిలో ఊదాడు.

నోరు తెరిచాను నీలా. కానీ ఆ అబద్ధం ఆడలేకపోయాను. మన ఇళ్లలో మంచం పట్టిన మనిషిని కూడా బాగుందనే అంటాం కదా. తిరుగుతున్న నిన్ను ఆసుపత్రిలో ఉందని నా నోటితో ఎట్లా అనేది? పైన తథాస్తు దేవతలుంటారని అవ్వ ఎన్నిసార్లు చెప్పలేదు! "లేదు సార్, నా భార్య బాగుంది" అన్నాను. అందుకే చివర్లో ఉన్నాను. అలగకు. పిలిచేదాకా రోజూ పోయి నిలబడతాను.

నీ శంకర్


ధర్మవరం,
సోమవారం సాయంత్రం.

బావా,

నీ ఉత్తరం చదివి ఏడుస్తుంటే అత్త చూసింది. "ఏమాయె నీలా?" అంటే కంట్లో నలక పడిందన్నాను. ఆమెకూ చెప్పలేదు.

నా గర్భసంచిలో గడ్డ ఉంది. శుక్రవారం హిందూపురంలో ఆపరేషను. గురువారం పెనుకొండకు పోతానన్నది అలిగి కాదు, అమ్మను తోడు తీసుకుపోవడానికి. కొండల మీద తుపాకీ పట్టుకుని నిలబడేవాడికి ఇది చెప్పి ఏం లాభమని, నువ్వొచ్చాకే చెబుదామని ఆగాను. పిల్లలు పుట్టడం కష్టం కావచ్చని డాక్టరమ్మ అంది. ఆ మాట ఎవరో నీ చెవిన వేశారని, అందుకే తప్పించుకుంటున్నావని అనుకున్నాను. ఎంత పాపిష్టిదాన్ని!

నాకు భయంగా ఉంది బావా. నువ్వు పక్కన ఉండాలి. రేపు సుబేదార్ సాబ్ దగ్గరికి పోయి, నా భార్యకు బాగలేదని చెప్పు. నోరు రాకపోతే అవ్వను తలుచుకోకు, నన్ను తలుచుకో. ఈ జబ్బు నువ్వు నోటితో అంటే వచ్చేది కాదు. ముందే వచ్చింది.

నీ నీల