అమ్మ నెత్తి మీద ఒట్టు

శుక్రవారం రాత్రి, దార్సైట్

క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన పాతకాలపు ఓడల వ్యాపారి మీద నేను రాసిన వ్యాసం నాది కాదట! "ఇంత మంచి మాటలు నీకెక్కడివి? రేపు మీ అమ్మను తీసుకురా, లేకపోతే పోటీ నుంచి తీసేస్తాను" అన్నారు ఈ గల్ఫ్ ఊళ్లో సెలవురోజుల్లో నడిచే తెలుగు క్లాసు టీచర్. తెరచాప, సరంగు, లంగరు... ఒక్కో మాటనూ ఎంత ఇష్టంగా ఏరుకున్నానో!

ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే అమ్మ, "నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. రేపు నేను దేవుని మీద ఒట్టేసి ఆయమ్మకు చెప్తా" అంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నేనే రాసినానని చెప్పినా కదమ్మా. ఒట్టెయ్యను."

"ఒక్క ఒట్టుకు ఏం పోతాదే? ఇంత మొండితనం యాడ నేర్చుకున్యావు?"

"ఆ వ్యాసంలోనే ఉంది, చదువు."

క్వేకర్లు కోర్టులో కూడా ప్రమాణం చేయరు. ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్లకు ఒట్టెందుకు? ఒట్టెయ్యనన్నందుకే ఆ వ్యాపారి జైలుకు వెళ్లాడు. నాకు పోయేది పోటీయే కదా. పోనీ... పోతే ఏడుస్తానేమో. అయినా వెయ్యను.

అమ్మ అలిగి, నా వ్యాసం కాగితాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఇందాకే వచ్చి, "జైల్లో ఏసినా ఒట్టెయ్యలేదా ఆయన?" అని అడిగింది.

"లేదు."

"సరే, రేపు నేనూ ఎయ్యను. మా పాప రాసిందని చెప్తా, అంతే. లైటార్పి పండుకో."